రూన్‌స్కేప్‌లో తీరని కత్తి బాకీ: 2006–09 నాటి సీమ ఆటగాళ్ళు ఎవరైనా ఉన్నారా?

తుంగభద్ర_21 (కర్నూలు):

అందరికీ నమస్కారం. 2006 నుంచి 2009 వరకు కొండారెడ్డి బురుజుకు కొంచెం అవతల, ఒక జిరాక్స్ దుకాణం వెనుక గదిలో ఉండిన నెట్ సెంటర్‌లో నేను రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట ఆడేవాణ్ణి. గంటకు ఇరవై రూపాయలు కాబట్టి ముగ్గురం తలా కొంత వేసుకొని ఒకే కంప్యూటరు ముందు కూర్చొనేవాళ్ళం. ఒకడు మౌసు పట్టుకునేవాడు, ఒకడు చాట్ టైపు చేసేవాడు; మూడోవాడి పని గోడ గడియారం చూడటం, మేము నరుకుతున్న చెట్టుకు ఉన్నట్టుండి ముఖం మొలిచిందేమో కనిపెట్టడం. ముఖం వచ్చిన చెట్టును నరుకుతూ పోతే గొడ్డలి విరిగిపోయేదని ఆ కాలంలో ఆడినవారికి గుర్తుండే ఉంటుంది. కంప్యూటర్లలో ఏ ఆటనూ ఇన్‌స్టాల్ చెయ్యనివ్వని యజమాని దగ్గర, బ్రౌజరులోనే జావా మీద నడిచే రూన్‌స్కేప్ తప్ప మాకు వేరే గతి లేదు.

అసలు విషయానికి వస్తాను. ఒక సాయంత్రం ఆటలోని డ్రేనార్ గ్రామంలో బ్యాంకు పక్కన ఉండే విల్లో చెట్లు నరుకుతుండగా, మా వాడు పక్కనే ఉన్న నాతో అనవలసిన మాటను పొరపాటున చాట్‌లో, ఇంగ్లీషు అక్షరాలలో కొట్టేశాడు: "ఒరే కరెంటు పోతాది, బ్యాంకుకు పోదాం." అది మా పాత్ర తల మీద పసుపుపచ్చ అక్షరాలలో కనబడింది. చుట్టూ పదిహేను మంది ఎవరి చెట్టు వారు నరుక్కుంటున్నారు. వారిలో ఒకడు ఆగి, "మాకు ఇప్పుడే వచ్చింది" అని జవాబిచ్చాడు.

మేము ముగ్గురం కుర్చీలలోంచి లేచి నిలబడ్డాము. అతని పేరు చివర 04 ఉంది, మా పేరు చివర 21. ఏపీ 04 అంటే కడప జిల్లా బండి, ఏపీ 21 అంటే కర్నూలు బండి అని ఇద్దరిలో ఎవరూ ఎవరికీ వివరించవలసిన పని లేకపోయింది. (ఇప్పుడు జిల్లాకొక అంకె లేదు కాబట్టి ఈ కాలపు పిల్లలకు ఆ సౌకర్యం లేదు.)

ఆ తరువాత ఏడాదికి పైగా వారానికి రెండు మూడు రోజులు కలిసి ఆడాము. అతని ఊరు ఏదో, అసలు పేరు ఏమిటో అడగాలని మాకు తోచనే లేదు, అతనూ అడగలేదు. 2007 డిసెంబరు సెలవులలో, అటాక్ లెవెల్ 40 దాటిన సంతోషంలో నేనుంటే, అతను తన రూన్ సిమిటర్‌ను, అంటే ఆ లెవెల్ ఉంటే పట్టగలిగే వంపు కత్తిని, నాకు ట్రేడ్ చేసి "పండగ అయినాక ఇయ్యి" అన్నాడు. పండగ అంటే సంక్రాంతి. 2008 జనవరి 2న ట్రేడ్ నిబంధనలు మారిపోయాయి. ఇద్దరు ఇచ్చిపుచ్చుకొనే వస్తువుల విలువలో కొద్దిపాటి తేడాకు మించి ఉంటే ట్రేడ్ జరగదు. అంటే, బదులుగా ఏమీ తీసుకోకుండా కత్తిని దాని సొంతదారుకు తిరిగి ఇవ్వడం కుదరదు. మేము నాలుగైదు సార్లు ట్రేడ్ కిటికీ తెరిచి, ఆ హెచ్చరిక చూసి మూసుకున్నాము. "నీ దగ్గరే ఉండనీ" అన్నాడు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు ఆ నెట్ సెంటర్ మునిగింది. మా ఇల్లూ మునిగింది. పాస్‌వర్డ్ ఇంటర్ ఫిజిక్సు నోటుపుస్తకం చివరి పేజీలో రాసి ఉండేది. బురదలో ముద్దయిపోయిన ఆ పుస్తకాల కట్టను మా నాన్న పారతో ఎత్తి బండిలో వేశాడు. ఆ తరువాత నేను ఆ ఖాతా తెరవలేదు.

నేను తెలుసుకోదలచినది ఇది: ఆ పాత ఖాతా ఇంకా ఎక్కడైనా ఉంటుందా? ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అని ఇప్పుడు నడుస్తున్న దానిలో చేరితే నా పాత్ర, ఆ కత్తి కనబడతాయా? పేరు చివర 04 ఉన్న ఆటగాడు ఎవరికైనా తెలుసా?


చెనిక్కాయల_చేను (అనంతపురం):

04 గారు నాకు తెలియదు గాని, మీ "కరెంటు పోతాది" చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అనంతపురంలో మా నెట్ సెంటర్‌కు ఇన్వర్టరు ఉండేది, కాని అది యజమాని తల మీది ఫ్యానుకు, ఒక ట్యూబ్‌లైటుకు మాత్రమే. కంప్యూటర్లు నల్లబడిపోతే మేము ఆ ట్యూబ్‌లైటు వెలుగులో ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ కూర్చొనేవాళ్ళం.

యుద్ధం మధ్యలో కనెక్షన్ తెగితే పాత్ర వెంటనే మాయం కాదు, కాసేపు అక్కడే నిలబడి దెబ్బలు తింటుంది అన్న సంగతి మాకు ఎల్వార్గ్ అనే డ్రాగన్ నేర్పింది. దాన్ని చంపే డ్రాగన్ స్లేయర్ క్వెస్టు (ఆట అప్పగించే సాహసకార్యం) మొదలుపెట్టడానికి ఛాంపియన్స్ గిల్డ్‌లో అడుగుపెట్టాలి, దానికి 32 క్వెస్ట్ పాయింట్లు కావాలి. మాకు ఆ పాయింట్లు కూడగట్టడానికే వేసవి సెలవులన్నీ పట్టాయి. తరువాత మ్యాపు మూడు ముక్కలు వెతికి, 2,000 జీపీ (ఆటలోని బంగారు నాణేలు) పెట్టి ఓడ కొని, పలకలు మేకులు కొట్టి దానికి మరమ్మతు చేసి, డ్రేనార్‌లో తాళ్ళు పేనుకుంటూ కూర్చొన్న నెడ్ తాతను కెప్టెనుగా ఒప్పించి, క్రాండోర్ ద్వీపానికి చేరాము. అప్పుడు సంచిలో, దెబ్బలు తగిలితే తిని కోలుకోవడానికి, ఇరవై లాబ్‌స్టర్లు ఉన్నాయి. అవి కూడా ఊరికే రాలేదు: పోర్ట్ సారిమ్‌లో 30 జీపీ ఇచ్చి ఓడెక్కి కరమ్‌జాకు వెళ్ళి, పట్టి, మళ్ళీ 30 ఇచ్చి వెనక్కి వచ్చి, సగం మాడ్చుకొని, మిగిలినవి దాచుకున్నవి. లెవెల్ 83 డ్రాగన్ ఎదురుగా నిలబడి నాలుగో దెబ్బో ఐదో దెబ్బో వేశామో లేదో, కరెంటు పోయింది.

గంటంబావుకు వచ్చింది. లాగిన్ అయితే మావాడు లంబ్రిడ్జ్ కోట ముంగిట నిలబడి ఉన్నాడు. చనిపోతే అత్యంత విలువైన మూడు వస్తువులు మాత్రమే మిగిలేవి, తక్కినవి చచ్చినచోటే పడి కొద్ది నిమిషాలలో మాయమయ్యేవి. క్రాండోర్‌లో ఒక రహస్యపు గోడ ఉందని, దాన్ని లోపలి నుంచి తెరిచిపెట్టుకుంటే కరమ్‌జా వైపు నుంచి మళ్ళీ రావచ్చని మాకు తెలియదు కాబట్టి పలకలు, మేకులు, ఓడ మరమ్మతు, అన్నీ మొదటికొచ్చాయి. మా వాళ్ళలో ఒకడు ఆ రోజుతో ఆట మానేసి పాలిటెక్నిక్ ఎంట్రన్సుకు చదవడం మొదలుపెట్టాడు, ఇప్పుడు విద్యుత్తు శాఖలోనే ఇంజనీరు. మేము కనబడినప్పుడల్లా అతనికి ఈ లాబ్‌స్టర్ల లెక్క అప్పజెబుతుంటాము.


బంగారు_తక్కెడ (ప్రొద్దుటూరు):

తుంగభద్ర గారూ, నా పేరు చివర కూడా 04 ఉండేది, కాని నేను ఆయనను కాను. మా వీధిలోనే ముగ్గురికి ఆ అంకె ఉండేది. రూన్ సిమిటర్‌ను నమ్మి ఒకరి చేతిలో పెట్టేటంత ఉదారత మా ముగ్గురిలో ఎవరికీ లేదని మాత్రం ఖాయంగా చెప్పగలను.

నేను బంగారు దుకాణంలో పెరిగినవాణ్ణి. బడి అయిపోయాక తక్కెడ పక్కన కూర్చోబెట్టి మా నాన్న నేర్పిన మొదటి పాఠం, తూకం ఎదుటివాడు ఒకసారి చూస్తే నువ్వు రెండుసార్లు చూడమని. అందువల్ల నాకు రూన్‌స్కేప్‌లో డ్రాగన్ల కంటే వరల్డ్ 1లో (ఆట నడిచే సర్వర్లను వరల్డ్‌లు అంటారు) వారక్ నగరపు పడమటి బ్యాంకు ఎక్కువ నచ్చింది. గ్రాండ్ ఎక్స్ఛేంజి అనే ఆటలోని అంగడి 2007 నవంబరులో వచ్చింది గాని, అంతకు ముందు ఏది అమ్మాలన్నా ఆ బ్యాంకు ముందు నిలబడి, పండ్ల బండివాడిలా సరుకు పేరు, ధర మళ్ళీ మళ్ళీ టైపు చెయ్యవలసిందే. ఒక్కో వరల్డ్‌లో 2,000 మంది పట్టేవారు, వారిలో సగం మంది అక్కడే అరుస్తున్నట్టు ఉండేది. ట్రేడ్‌కు రెండు కిటికీలు: మొదటి దానిలో వస్తువులు పెట్టడం, రెండోదానిలో సరిచూసుకొని ఒప్పుకోవడం. చివరి క్షణంలో వస్తువు మార్చేసే మోసగాళ్ళను నేను ఆ రెండో కిటికీలో ఎన్నిసార్లు పట్టుకున్నానో లెక్కలేదు.

అంతటి నేనే మోసపోయిన సంగతి కూడా చెప్పాలి. ఒకడు వచ్చి, నీ రూన్ కవచానికి ఉచితంగా బంగారు అంచు వేసిస్తానన్నాడు. అంచు ఉన్న కవచం ట్రెజర్ ట్రయల్స్ అనే నిధివేటలో దొరకవలసిందే తప్ప ఎవరూ తయారు చెయ్యలేరని నాకు తెలియదు. రెండో కిటికీలో అంతా సరిగానే ఉంది: నా వైపు కవచం, అతని వైపు ఏమీ లేదు. నేనే ఒప్పుకున్నాను. నగకు అంచు వేసి ఇవ్వడం మా ఇంట్లో రోజూ జరిగే పని కాబట్టి అనుమానం రాలేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇక మీ బాకీ సంగతి. 2008 నాటి నిబంధన మీవంటివారి కోసం పెట్టింది కాదు. జీపీని అసలు డబ్బుకు అమ్మే ముఠాలు దొంగ క్రెడిట్ కార్డులతో సభ్యత్వాలు కొని, బాట్లతో (మనిషి లేకుండా ఆడే ప్రోగ్రాములతో) జీపీ పోగేసి పంచేవి. ఏకపక్షపు ట్రేడును ఆపితే తప్ప వారి వ్యాపారం ఆగదు. గాలానికి పెద్ద చేపతో పాటు మీరూ తగిలారు. అయితే, ఒక వడ్డీ వ్యాపారి చూపుతో చెబుతున్నాను, ఆ పరిమితి కొంతసేపటికి మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యేది. కత్తిని గ్రాండ్ ఎక్స్ఛేంజిలో అమ్మేసి, వచ్చిన జీపీని వాయిదాల మీద అతనికి చెల్లించి ఉండవచ్చు. 2008 జనవరి నుంచి 2009 అక్టోబరు వరకు మీకు ఇరవై ఒక్క నెలల వ్యవధి ఉంది. మన్నించండి, నేను అప్పు వసూలు చేసేవారి ఇంట్లో పుట్టాను.


ఉగ్గాని_బజ్జి (ఆదోని):

అందరూ తీపి జ్ఞాపకాలే రాస్తున్నారు కాబట్టి నేను చేదు కూడా కొంచెం వేస్తాను. ఒక విల్లో దుంగకు 67.5 ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు). లెవెల్ 99కి 1,30,34,431 ఎక్స్‌పీ. లెవెల్ 30లో విల్లో మొదలుపెట్టి దాని మీదనే పోతే 1,92,000కు పైగా దుంగలు నరకాలి. లెవెల్ 92కు చేరినవాడు హమ్మయ్య అనుకుంటే, సరిగ్గా అక్కడికి సగం దారి అయినట్టు. ఇంత విసుగుపుట్టించే పనిని డబ్బిచ్చి చేశాము. ఇంట్లో చేనికి రమ్మంటే ఒక్కడూ కదలలేదు.

ఫాలడోర్‌కు పడమర టావర్లీ గేటు ఒకటి ఉండేది. నెలకు 5 డాలర్లు కట్టిన సభ్యులు దాన్ని తెరుచుకొని దర్జాగా వెళ్ళిపోయేవారు. క్రెడిట్ కార్డు అన్నదాన్ని మా ఇంట్లో ఎవరూ కంటితో చూడని రోజులు. నేను ఆ గేటు దగ్గర నిలబడి అవతలి చెట్లు ఎంతసేపు చూశానో చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది.


ఏడురోడ్లు (కడప):

తుంగభద్ర గారి ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ 2013 ఫిబ్రవరి 22న మొదలైంది. దానికి ఆధారం 2007 ఆగస్టు నాటి ఆట ప్రతి ఒకటి ఆటను తయారుచేసిన జాజెక్స్ కంపెనీ దగ్గర భద్రంగా ఉండటం. అయితే వాళ్ళు తెచ్చినది ఆనాటి లోకాన్ని మాత్రమే, ఆనాటి ఆటగాళ్ళ సంపాదనను కాదు. అందరూ మళ్ళీ కంచు గొడ్డలితో మొదలుపెట్టవలసిందే. కాబట్టి మీ కత్తి అక్కడ ఉండదు. పైగా మీరు కత్తి తీసుకున్నది డిసెంబరులో. ఆ ప్రతి ఆగస్టుది.

మీ పాత పాత్ర ఉంటే, 2013 జులైలో రూన్‌స్కేప్ 3గా మారిన ప్రధాన ఆటలో ఉండాలి. ఖాతాను తిరిగి పొందడానికి పెట్టే దరఖాస్తులో పాత పాస్‌వర్డ్‌లు, ఖాతా ఎప్పుడు, ఏ ఊరి నుంచి తెరిచారు వంటివి అడుగుతారు. మీకు గుర్తున్నంత వరకు రాసి ప్రయత్నించండి, కాని ఆశ పెద్దగా పెట్టుకోవద్దు; ఈమెయిలు కూడా జోడించని ఖాతాలకు రుజువు చూపడం కష్టం. ఏకపక్షపు ట్రేడ్ మాత్రం ఆటగాళ్ళ ఓటు తీసుకొని 2011 ఫిబ్రవరి 1న తిరిగి ఇచ్చేశారు, ఓల్డ్ స్కూల్‌లో మొదటి నుంచీ ఉంది. 2018 అక్టోబరు నుంచి ఫోనులో కూడా ఆడవచ్చు, కాబట్టి కరెంటు సంగతి కూడా కొంత మేలు.


తుంగభద్ర_21 (కర్నూలు):

అందరికీ కృతజ్ఞతలు. దరఖాస్తు పెట్టాను. పాత పాస్‌వర్డ్ అన్నచోట ముగ్గురం కలిసి ఆలోచించినా, అది మాలో ఒకని నాన్న స్కూటరు నంబరు అన్నంతవరకే గుర్తుకొచ్చింది. ఆ స్కూటరు కూడా ఆ వరదలోనే పోయింది. మూడు రోజులకు తిరస్కరించారు.

తక్కెడ గారూ, వాయిదాల ఆలోచన అప్పట్లో తట్టలేదు. ఇరవై ఒక్క నెలలు అన్న మాట రెండు రోజులు నిద్రపట్టనివ్వలేదు.

నిన్న రాత్రి ఫోనులో ఓల్డ్ స్కూల్ ఖాతా తెరిచాను. పేరు చివర 21 పెట్టాను. విల్లోలకు లెవెల్ 30 కావాలి, నేను ఇంకా ఓక్ చెట్ల దగ్గరే ఉన్నాను. రూన్ సిమిటర్‌కు సరిపడా జీపీ కూడటానికి కొన్ని వారాలు పడుతుంది. కొన్నాక దాన్ని వాడకుండా బ్యాంకులో పెడతాను. వరల్డ్ 301, డ్రేనార్ బ్యాంకు పక్కన, రాత్రి పది నుంచి పదకొండు వరకు ఉంటాను. 04 గారు ఇది చదివితే, లేదా ఆయనను ఎరిగినవారు చదివితే, వచ్చి కరెంటు ఉందా అని అడగండి.