అక్రిలిక్ చేపల ట్యాంకు గోడ మీద పచ్చ చుక్కలు: మెలమైన్ స్పాంజి వాడొచ్చా, గీతలు పడతాయా?

ఎంవీపీ_గుప్పీ:
అందరికీ నమస్కారం. నాలుగడుగుల అక్రిలిక్ (గాజులాంటి ప్లాస్టిక్) ట్యాంకు, 240 లీటర్లు. ఊరు మారిపోతున్న స్నేహితుడి దగ్గర కొన్నాను. తూర్పు బాల్కనీ తలుపు పక్కన చోటుంటే అక్కడే పెట్టాను. మూడు నెలలు తిరిగేసరికి ముందు పక్క గోడంతా నాచు పట్టి పచ్చ చుక్కలు లేచాయి. గుండ్రంగా, ఆవగింజంత, గోడకి కరుచుకుపోయి ఉన్నాయి. మెత్తటి స్పాంజితో అరగంట రుద్దినా ఒక్కటీ కదల్లేదు. పాత గాజు ట్యాంకుకైతే బ్లేడుతో లాగేసేవాణ్ణి. దీనికి బ్లేడు తగలకూడదని మాత్రం తెలుసు. తెల్ల మెలమైన్ స్పాంజి వాడమని ఒకరు, ముట్టుకోవద్దని ఇంకొకరు అంటున్నారు. ఆదివారం చుట్టాలొస్తున్నారు. ఎవరి మాట వినాలి?

గాజువాక_సర్వీస్:
వాడండి, ఏమీ కాదు. పన్నెండేళ్ళుగా ఇళ్ళకీ ఆఫీసులకీ వెళ్ళి ట్యాంకులు కడుగుతున్నాను. సబ్బూ బ్లీచూ కలపని ఉత్త తెల్ల స్పాంజి అయి ఉండాలి, అదొక్కటే చూసుకోండి. బాగా తడిపి, వేళ్ళతో నొక్కకుండా అరచేత్తో రుద్దండి. ఇన్నేళ్ళలో నాకు ఒక్క గీత కనబడలేదు.

పెదవాల్తేరు_పెద్దాయన:
వాడొద్దు బాబూ. మెలమైన్ స్పాంజి చేతికి మెత్తగా ఉంటుంది గానీ అది గట్టిపడిన రెసిన్ నురగ. సన్న గరుకు కాగితంలా అరగదీస్తుంది, మరక పోయేదే అందువల్ల. గాజు తట్టుకుంటుంది. అక్రిలిక్ గాజుకన్నా చాలా మెత్తన, తట్టుకోదు.

వాడిపడేసిన ఏటీఎం కార్డు తీసుకోండి. గోడకి వాల్చి పట్టి మెల్లగా తొయ్యండి, అడుగున ఇసుకకి నాలుగు వేళ్ళ పైనే ఆపేయండి. ఒక్క ఇసుక రేణువు కార్డుకీ గోడకీ మధ్య ఇరుక్కుంటే చాలు, చెయ్యి వెళ్ళినంత మేరా గీత. గోడకి లోపలా బయటా అంటించి తిప్పే అయస్కాంతం క్లీనర్లు పెట్టే గీతలూ చాలామటుకు అలా ఇరుక్కున్న ఇసుకవల్లే. చుక్కలు మరీ మొండికేస్తే నీళ్ళు సగానికి దించి, తేలిన గోడకి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపి పిండిన నూలు గుడ్డ అయిదు నిమిషాలు అంటించి ఉంచండి. మెత్తబడతాయి. ఆ తర్వాత కార్డు. స్పిరిట్టు, అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్లు దగ్గరికి రానివ్వకండి, అక్రిలిక్ సాలెగూడులా పగుళ్ళిస్తుంది.

ఇది ఆదివారానికి అయ్యే పని కాదు. రోజుకి ఒక అడుగు చొప్పున చేసుకోండి.

నత్తలపిచ్చి:
నాలుగు నెరైట్ నత్తలు వేయండి. ఆ పచ్చ చుక్కల్ని నమ్మకంగా తినేవి అవే.

మొక్కల_ట్యాంక్:
గీకడం తర్వాత. పొద్దుటెండ పడే చోట పెట్టి పైన లైటు కూడా వేస్తున్నారా? ఎన్ని గంటలు? ఎండ ఆపకపోతే నెల తిరక్కుండా మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతారు.

గాజువాక_సర్వీస్:
పెద్దాయన గారూ, గరుకు కాగితం అని భయపెట్టకండి. దాంతో రుద్దితే గోడ తెల్లబడిపోతుంది. స్పాంజితో అలా అవుతుందా? నేను కడిగిన ట్యాంకులు ఇప్పటికీ తళతళలాడుతున్నాయి. మీరెన్ని అక్రిలిక్ ట్యాంకులు కడిగారు?

పెదవాల్తేరు_పెద్దాయన:
నాకున్నది ఒక్కటే. అది చాలు తెలియడానికి.

భీమిలి_బెట్టా:
నత్తలు వేయమనే ముందు గుడ్ల సంగతి కూడా చెప్పండి. నువ్వుగింజల్లా ఎక్కడపడితే అక్కడ అంటిస్తాయి. మంచినీళ్ళలో వాటి సంతానం బతకదు, మా గోస్తని సముద్రంలో కలిసే చోట ఉండేలాంటి ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. గుడ్ల పెంకులు మాత్రం నెలల తరబడి ఊడవు. వాటిని ఊడదీయబోయే నేను నా ట్యాంకుకి గీతలు పెట్టుకున్నాను.

నత్తలపిచ్చి:
మా ఇంట్లో అన్నీ వెనక గోడ మీదే పెట్టాయండీ.

గాజువాక_సర్వీస్:
ఒక్క ట్యాంకు కడిగినవాళ్ళు పన్నెండేళ్ళ అనుభవాన్ని కాదంటే ఏటనాలండీ? కార్డు పద్ధతి నేనూ చేశాను. అంచు చిట్లి ఉంటే అదీ గీస్తుంది. దాని గురించి ఒక్క ముక్క రాయరేం? రోజుకి ఒక అడుగంట. నాకు రోజుకి ఆరు ట్యాంకులు. కస్టమరు పక్కనే నిలబడి ఇప్పుడే మెరిసిపోవాలంటాడు. ఇంట్లో కూచుని చెప్పడం తేలిక.

పెదవాల్తేరు_పెద్దాయన:
ఇంట్లో కూర్చునే చెబుతున్నాను, నా ట్యాంకు పాడైంది ఇంట్లోనే కాబట్టి. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి అయిదడుగుల అక్రిలిక్ ట్యాంకు చేయించుకున్నాను. మా ఆవిడకి మోకాలి ఆపరేషనై నెల రోజులు ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంటే నాచు పట్టేసింది. ఒక సర్వీసు కుర్రాణ్ణి పిలిపించాను. తెల్ల స్పాంజితో గంటలో మెరిపించి డబ్బు తీసుకెళ్ళాడు. నేనూ సంతోషించాను. నాలుగు నెలలకి ఇల్లు మారుతూ నీళ్ళు తీసేశాం. గోడ ఆరేసరికి ముందు పక్కంతా చెయ్యి తిరిగినట్టే గుండ్రంగా మసక. ఫోను చేస్తే "అది ముందునుంచీ ఉందండీ, మీరే చూసుకోలేదు" అన్నాడు. ఎవరో చెప్పను. ఆ మాట మాత్రం మర్చిపోలేను.

గాజువాక_సర్వీస్:
అంటే ఆ కుర్రాడి మీద కోపం సర్వీసు వాళ్ళందరి మీదా తీర్చుకుంటున్నారు. మేమంతా అబద్ధాలకోర్లమా?

సీతమ్మధార_సిక్లిడ్:
ఇద్దరూ ఒక్కరోజు ఆగండి. అడిగినాయన పారిపోయేలా ఉన్నాడు.

మొక్కల_ట్యాంక్:
ఒక మాట. గాజువాక గారు చూసేవన్నీ నీళ్ళున్న ట్యాంకులు. పెద్దాయన చూసింది ఆరిన గోడ. వక్రీభవన గుణకం, అంటే వెలుగు ఎంత వంగుతుందో చెప్పే అంకె, అక్రిలిక్‌కి 1.49, నీటికి 1.33, గాలికి 1. సన్న గీతలో నీళ్ళు నిండితే వెలుగు పెద్దగా చెదరదు, కంటికి ఆనదు. గాలి నిండితే చెదురుతుంది, మసక కనబడుతుంది. కాబట్టి గీత కనబడలేదంటే గీత పడలేదని కాదు. పైగా గరుకైన చోట నాచు తొందరగా వేళ్ళూనుకుంటుంది, ఆ గోడని మరింత తరచుగా రుద్దాల్సి వస్తుంది.

గాజువాక_సర్వీస్:
రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే అక్రిలిక్ తునక ఒకటి తీసి సగం స్పాంజితో రుద్దాను. ఆరబెట్టి టార్చి పక్కనుంచి వేస్తే రుద్దిన సగం పొగ చూరినట్టుంది. బక్కెట్లో ముంచితే ఏమీ లేదు. పెద్దాయన గారు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను.

కానీ ఒకటి అడుగుతాను. గీత పడిందని మా నోటితో మేం చెబితే ఆ పూట కూలి పోతుంది, పైగా ట్యాంకు ఖరీదు కట్టమంటారు. నెలంతా కడిగినా అంత రాదు. ఆ కుర్రాడు భయపడే ఆ మాట అని ఉంటాడు.

పెదవాల్తేరు_పెద్దాయన:
ఖరీదు నేను అడగలేదే. మొదలుపెట్టే ముందు చెప్పి ఉంటే బాగుండేది. స్పాంజితో అయితే ఈ రోజే పోతుంది గానీ గోడ మసకబారొచ్చు, కార్డుతో అయితే నాలుగుసార్లు రావాలి అంటే, నాలుగుసార్లకీ డబ్బిచ్చేవాణ్ణి.

గాజువాక_సర్వీస్:
మీరిచ్చేవారేమో. అలా చెబితే చాలామంది మర్నాడు వేరేవాణ్ణి పిలుస్తారు. నాకు రెండుసార్లు జరిగింది.

పెదవాల్తేరు_పెద్దాయన:
అయినా చెప్పాలి. ఆ గోడ మీది కాదు.

గాజువాక_సర్వీస్:
వేరేవాణ్ణి పిలవకుండా మీరంతా ఒప్పుకుంటే చెబుతాం. ముందు అది తేలనీయండి.

ఎంవీపీ_గుప్పీ:
నేను పారిపోలేదండీ, మూడు రోజులుగా పని చేస్తున్నాను. తలుపుకి మందపాటి కర్టెన్ వేశాను. లైటు పది గంటలు వేసేవాణ్ణి, ఆరుకి తగ్గించాను. పెరాక్సైడు గుడ్డ, తర్వాత కార్డు. రెండడుగులు శుభ్రమైంది, టార్చి వేసి చూశాను, కొత్త గీత లేదు. ఇసుక దగ్గర వరస ఒగ్గేశాను. చుట్టాలు చూస్తే చూడనీయండి. నీటి అంచున తెల్ల చార ఒకటి మిగిలింది, మాది బోరు నీళ్ళు. దానికేం చేయాలి?

పెదవాల్తేరు_పెద్దాయన:
అది సున్నం, గీకకండి. నీళ్ళు నాలుగంగుళాలు దించి, వెనిగర్‌లో ముంచి పిండిన పాత బనీను ముక్క పదిహేను నిమిషాలు అంటించండి, తుడిస్తే వచ్చేస్తుంది. మిగతా రెండడుగులు మొదలుపెట్టే ముందు కార్డు అంచు గోటితో తడిమి చూసుకోండి, చిట్లి ఉంటే మార్చేయండి. గాజువాక గారు చెప్పిన ఆ ముక్క నేను ముందే రాయాల్సింది.