సమస్య: ఏరు దాటి తెప్ప నెక్కవలసె

నిర్వాహకుడు: పై పాదం చివరిదిగా వచ్చేలా పద్యం పూరించాలి. ఈ వారం ఛందస్సు ఆటవెలది. వస్తువు, డయలప్ (ఫోను లైను మీద నెట్) రోజుల్లో మోడెంకి (కంప్యూటర్‌ని ఫోను లైనుకి కలిపే పరికరం) డ్రైవర్ (దాన్ని నడిపించే ప్రోగ్రాం) ఎక్కించడం. తెప్పన్ + ఎక్క కనుక స్వరయతి (ఏ–ఎ అచ్చుల మైత్రి) చెల్లుతుంది.

గోదారిగట్టు:
మోడెముండె గాని మూగదై పడియుండె
డ్రైవరేమొ నెట్టు రేవునందు
ఫ్లాపి చేతబట్టి పరుగెత్తి తెచ్చితి
నేరు దాటి తెప్ప నెక్కవలసె

1999, విండోస్ 98. మోడెంతో ఇచ్చిన సీడీ గీతలు పడి చదవలేదు. నెట్‌కి వెళ్ళాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవరేమో నెట్‌లో ఉంది.

నిర్వాహకుడు: "నెట్టు రేవు" ఎంత బాగుందో! ఏరూ తెప్పా ఆ ఒక్క మాటతో కుదిరాయి. డ్రైవ–రేవు ప్రాసయతి (రెండో అక్షరం కలవడం). కానీ ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీయే కదా?

గోదారిగట్టు: రెండు ఫ్లాపీలండీ. ఇంటికొచ్చాక రెండోది చదవలేదు, మళ్ళీ ఇంటర్నెట్ కెఫేకి పరుగు.

తీగలవాడు: కాంపోర్టుకి (కంప్యూటర్ వెనకుండే సీరియల్ పోర్టు) తగిలించే బయటి మోడెం అయితే ఇంత అవస్థ లేదు. సొంత కంట్రోలర్ ఉండి ఏటీ ఆదేశాలు (మోడెంకి ఇచ్చే ఆజ్ఞలు) తానే అర్థం చేసుకుంటుంది, విండోస్‌లో ఉన్న స్టాండర్డ్ మోడెం డ్రైవర్‌తోనే నడిచేది. కంప్యూటర్ లోపల అమర్చే విన్‌మోడెం కార్డుకి ఆ పని ప్రాసెసర్ చేసిపెట్టాలి, చేయించేది డ్రైవర్. కనుక "మూగదై" అక్షరాలా నిజం. నా పూరణ డ్రైవర్ ఎక్కాక "నో డయల్‌టోన్" అన్నప్పటిది:

టోను వినక ముందె తొందరన్ డయలించె
నెక్సు మూడటంచు నేను చెప్ప
మనది టోను వేరు మరి దాని కర్థమా
యేరు దాటి తెప్ప నెక్కవలసె

నిర్వాహకుడు: ఏటీఎక్స్3! టోను కోసం ఆగకుండా డయల్ చేయమనడం. అమెరికా టోను 350, 440 హెర్ట్‌జ్‌ల కలయిక, మనది 400 చుట్టూ ఉండేది. భావం కొత్తది. రెండో పాదంలో అటంచున్ + ఏను, యతి సరే. మొదటి పాదంలో మాత్రం టో–తొ చెల్లదు, ట వర్గం వేరు, త వర్గం వేరు. "తానుగా డయలించె" అంటే టోను–తాను ప్రాసయతి అవుతుంది.

తీగలవాడు: సవరించుకున్నాను, ధన్యవాదాలండీ. "తానుగా"తో భావం కూడా బిగిసింది.

పాతకార్డు:
పసుపు ప్రశ్న గుర్తు పలుకరించెను నన్ను
చిప్పు పేరు తెలియ చెప్పదాయె
పెట్టె విప్పి చదివి పేరు పట్టితినయ్య
యేరు దాటి తెప్ప నెక్కవలసె

నిర్వాహకుడు: గణయతులు నిర్దుష్టం. పసుపు ప్రశ్న గుర్తు, డ్రైవర్ లేని పరికరానికి విండోస్ పెట్టేది. అట్టపెట్టె మీది పేరు వేరు, లోపలి చిప్పు వేరు. చిప్పు చేసింది కోనెక్సెంటా, లూసెంటా తేలితే గాని ఏ డ్రైవర్ వెతకాలో తెలిసేది కాదు. అయితే ఇందులో ఏరు ఏది? మూడో పాదంలో కెఫే ప్రస్తావన ఉంటే సమస్య బిగువుగా అతికేది.

పాతకార్డు: నిజమే. ఆ పాదం మళ్ళీ రాసి రేపు పెడతాను.