అప్‌డేట్: చెక్‌సమ్ సరిపోయినా రెండో ఆబ్జెక్ట్ దగ్గర ఆగిపోతున్న గిట్ ప్యాక్‌ఫైల్

గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) ఫెచ్ ద్వారా, అంటే సర్వర్ నుంచి తెచ్చుకున్నప్పుడు, అందిన ప్యాక్‌ఫైల్ (అనేక ఆబ్జెక్ట్‌లను కుదించి ఒకటిగా పెట్టిన ఫైలు) చివరనున్న 20 బైట్ల ఎస్‌హెచ్‌ఏ-1 చెక్‌సమ్ (డేటా మారలేదని సరిచూసే విలువ) సరిపోతున్నా, మేము వాడే లైబ్రరీ రెండో ఆబ్జెక్ట్ రకాన్ని తప్పుగా చదువుతోందని ముందు అడిగాను. ఆ సమస్య తీరింది. చెక్‌సమ్ సరిపోయిందంటే డేటా చెడకుండా చేరినట్టే కాబట్టి, లోపం పార్సర్‌లోనే (ఫైలును చదివి విడదీసే కోడ్‌లోనే) ఉంటుందన్న మీ సూచనే నిజమైంది. ఆబ్జెక్ట్ హెడర్‌లో (ప్రతి ఆబ్జెక్ట్ ముందుండే వివరాల భాగంలో) ఉండేది విప్పిన తరువాతి పరిమాణమే తప్ప కుదించిన పరిమాణం కాదు. అందువల్ల తరువాతి ఆబ్జెక్ట్ ఎక్కడ మొదలవుతుందో ముందుగా తెలియదు; కుదించిన డేటాను విప్పే జెడ్‌లిబ్ మొదటి ఆబ్జెక్ట్ ముగిసిన చోట సరిగ్గానే ఆగినా, లైబ్రరీలోని రీడర్ మాత్రం బఫర్‌లో (ముందుగానే చదివి ఉంచుకున్న చోట) మిగిలిన బైట్లను వదిలేసి ముందుకు వెళ్లిపోతోంది. ఇప్పుడు జెడ్‌లిబ్ వాడని బైట్లను లెక్కించి, చదివే స్థానాన్ని అంతమేరకు వెనక్కి జరుపుతున్నాము. కొన్ని ఆబ్జెక్ట్‌లను తేడాలుగా మాత్రమే ఉంచి, ఆ తేడాలకు ఆధారమైన మూల ఆబ్జెక్ట్ ప్యాక్‌లోనే లేని థిన్ ప్యాక్‌లను మాత్రం ఇంకా పరీక్షించవలసి ఉంది.