అప్‌డేట్: పాత భోషాణం నుంచి రాలే పొడి సంగతి తేలింది
తిరుపతిలో పాత సామాన్ల అంగట్లో కొన్న టేకు భోషాణం కింద రోజూ పిండిలా పొడి రాలుతోందని రెండు నెలల కింద అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పురుగు ఇంకా ఎక్కడ తొలుస్తోందో తెలియడానికి చెక్కలోని చిన్న రంధ్రాల మీద కాగితం అంటించి చూడమన్న మాటే పనికొచ్చింది. కొన్నాళ్లకు వెనక పలక మీది కాగితానికి మాత్రమే గుండుసూదితో పొడిచినట్టు బొక్కలు పడ్డాయి. వడ్రంగి ఆచారి వచ్చి గోటితో గీకి నవ్వాడు: "పెట్టె టేకే సామీ. వెనక చెక్క మామిడి, ఎవరో తర్వాత కొట్టినారు." పురుగంతా అందులోనే, టేకు చేవను (లోపలి గట్టి చెక్కను) ముట్టలేదు. ఆ పలక పీకించి కొత్తది వేయించాను. మూడు వారాలుగా పొడి లేదు.

చెదలేమోనన్న టెన్షన్ అనవసరం, చెదలైతే మామూలుగా మట్టి కనబడేదట. పురుగు పోవాలని ముందు వాడిన కర్పూరం, కిరోసిన్ రెండూ దండగ. కిరోసిన్ వాసన ఇంకా పోలేదు, మా ఆవిడ పాత తివాచీని భోషాణం దగ్గర పరచనివ్వడం లేదు.