రైనుకావలింత: ఆవలా, కావలా, కాలువా, నిజంగా ఆవలింతేనా?

గట్టుమీది గురివింద
మూడేళ్లుగా ఒక పాదం చెవిలో జోరీగలా తిరుగుతోంది. అమెరికాలో సిన్సినాటిలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు ఉగాది భోజనాల్లో ఒక పెద్దాయన అక్కడి ఓవర్-ద-రైన్ (అంటే 'రైన్ నదికి ఆవల') అనే పాత జర్మన్ల పేట మీద ఆశువుగా ఒక ఆటవెలది చెప్పారు. గబగబా పేపరు ప్లేటు వెనకాల గిలికాను. మా మనవడు ఆ ప్లేటులోనే పులిహోర పెట్టించుకు తిని చెత్తబుట్టలో వేశాడు. మిగిలింది సగమే:

వంతెనొకటి దాటి వచ్చినవారికి
రైనుకావలింత రంగులీను

తర్వాతి రెండు పాదాలు పోయాయి. అవి దొరకవని తెలుసు. నా బాధ 'రైనుకావలింత' గురించి. రైన్ నదికి ఆవలింత ఏమిటి?

యతిమైత్రి
రైనుకు + ఆవల, ఉత్వసంధి నిత్యం. ఆవల + ఇంత, అత్వసంధి బహుళం. పేట పేరుకు అచ్చ తెలుగు చేశారాయన, అంతే. గణాలు అయిదూ గలాలే (గురువు, లఘువు). యతి రై–రం, ఐకారానికి అకారంతో మైత్రి ఉంది. ఇందులో సందేహానికి తావెక్కడ?

శకటరేఫం
తావుంది మాస్టారూ. ఆవల ఉన్నదాన్ని 'ఇంత' అంటామా? ఆవలైతే 'అంత' కదా. రైనుకావలంత రంగులీను. ఆవలి గట్టంతా రంగులే అని. గురివింద గారు గుడి ఒకటి ఎక్కువ విన్నారు. గణం మారదు, యతి మారదు, అర్థం కుదురుతుంది.

గట్టుమీది గురివింద
గుడి ఉందండీ. ప్లేటు మీద నేను పెట్టిన గుడి నాకు కళ్లకు కట్టినట్టుంది. దాని పక్కనే పచ్చడి మరక.

కావలి కుర్రోడు
మా ఊరి పేరు పద్యంలో పెట్టుకోని ఆవలింతలంటారేంది సామీ! కావలి + ఇంత. రైను కాడ కావలి కాసినారు. 1855లో ఎన్నికలప్పుడు వలసొచ్చినోళ్లంటే పడని నో-నథింగ్ పార్టీ గుంపులు జర్మనోళ్ల పేట మీదికి పోతే, వీళ్లు వంతెనల కాడ అడ్డం కట్టి ఫిరంగి తెచ్చి పెట్టినారు. కాల్చింది కూడా మనుషుల మీద కాదు, తలల మీదుగా. ఇంత కావలి కాసిన పేట కాబట్టి రంగులీనింది. వంతెన మొదటి పాదంలోనే ఉండాదే, ఇంకేం కావాల?

యతిమైత్రి
చరిత్ర బాగుంది, సంధి బాగులేదు. క్రియలు పక్కనపెడితే ఇకారానికి సంధి ఏమ్యాదుల్లోనే వికల్పం. ఏమి, మఱి, కి (షష్ఠి), అది, అవి, ఇది, ఇవి, ఏది, ఏవి. ఈ జాబితాలో 'కావలి' ఎక్కడుంది నాయనా? 'కావలి యింత' అవుతుంది, గణం చెడుతుంది.

కావలి కుర్రోడు
ఉగాది భోజనం కాడ ఆశువుగా చెప్పే ఆయన వ్యాకరణం రాసిన చిన్నయసూరి గారిని పక్కన కూచోబెట్టుకోని చెప్తాడా?

వైన్ వీధి పిల్ల
నమస్తే అందరికీ. పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. తెలుగువాళ్లు ఎక్కువగా ఊరి శివార్లలో మేసన్ వైపు ఇళ్లు కొనుక్కుంటారు, నేను మాత్రం ఈ పేటలోనే మూడో అంతస్తులో అద్దెకుంటున్నాను. సంధులు మీరు చూసుకోండి, నేల సంగతి నేను చెబుతాను. ఇక్కడ రైన్ అనేది నది కాదు, కాలువ. మయామి–ఈరీ కాలువ పేటకు పడమటా దక్షిణానా వంపు తిరిగి పారేది. బజారులో పని ముగించుకుని జర్మన్లు ఇళ్లకు వెళ్లడానికి దాని వంతెన దాటేవాళ్లు, అందుకే వేళాకోళంగా 'రైన్ దాటడం'. కాబట్టి అది 'రైను కాలువింత' ఎందుకు కాకూడదు? కాలువ + ఇంత. లేదా 'రైను కాలు'వలో 'వింత' రంగులు. రెండక్షరాలు తారుమారైతే చాలు.

శకటరేఫం
అక్కా, గణాలు లెక్కపెట్టి చూశాను. రైను/కాలు/వింత/రంగు/లీను. అయిదూ సరిపోయాయి. చచ్చాం.

యతిమైత్రి
కాలువ ఎండి వందేళ్లయింది. ఎండిన కాలువ రంగులెలా ఈనుతుంది?

వైన్ వీధి పిల్ల
ఎండిపోలేదండీ, ఎండగట్టారు. 1920లో అందులోనే భూగర్భ రైలుకు సొరంగాలు మొదలుపెట్టారు. రెండు మైళ్లకు పైగా తవ్వాక డబ్బు అయిపోయింది. ఒక్క రైలూ నడవలేదు. 1928లో పైన సెంట్రల్ పార్క్‌వే అని రోడ్డేశారు. నేను రోజూ ఆఫీసుకు దాటేది ఆ రోడ్డే. సిగ్నల్ దగ్గర నిలబడితే కాళ్ల కింద స్టేషన్లు, వాటిలో ప్లాట్‌ఫారాలు, రైళ్లు లేవు.

ఓరుగల్లు పోరడు
గట్లనా! అయితే పాదం గిట్లుంటది: 'రైలు కావలింత రంగులీను'. రైలు కావలె అని ఏడ్శి ఏడ్శి రాసిండు పెద్దాయన. ను కాదు లు. ఒక్క అక్షరం.

యతిమైత్రి
ఆ లెక్కన 'రైతు కావలింత' అని కూడా చదవవచ్చు. దయచేసి ఆపండి.

శకటరేఫం
అసలు 'ఓవర్' దగ్గరే తిరకాసుంది. జర్మన్‌లో 'ఊబర్ డెన్ రైన్' అంటే రైన్ దాటి అవతలికి. 'ఊబర్ డెమ్ రైన్' అంటే రైన్ పైన, గాలిలో వేలాడుతున్నట్టు. ద్వితీయకు న్, ఇంకో విభక్తికి మ్, అంతే తేడా. తెలుగులో కొందరు 'రైన్ మీద' అని రాస్తున్నారు, చదివితే పళ్లు పులుస్తాయి. మీద కాదు, ఆవల.

వైన్ వీధి పిల్ల
'మీద' అనేదే నిజమేమో తమ్ముడూ ఇప్పుడు. రోడ్డు కాలువ మీదే ఉంది కదా.

కావలి కుర్రోడు
వంతెన సంగతి ఎవురూ పట్టించుకోలా. 'వంతెనొకటి' అన్నాడు. ఒకటి! కాలువకు వంతెనలు చాలా ఉండినాయి. ఒకటే ఒకటంటే ఓహియో నది మీద రోబ్లింగ్ తీగల వంతెన. రెండు స్తంభాల నడుమ 1,057 అడుగులు, 1866లో తెరిచినప్పుడు లోకంలో అంత దూరం ఒక్క దూకులో దాటే వంతెన లేదు. కట్టినాయన పుట్టింది జర్మనీలో. కెంటకీ నించి ఆ వంతెన మీద వచ్చినోళ్లకు అని అర్థం.

వైన్ వీధి పిల్ల
అది నది మీద, నది ఊరికి దక్షిణాన. అక్కడినుంచి నడుచుకుంటూ వస్తే ఊరి నడిబొడ్డంతా దాటాకే మా పేట. 'వంతెనొకటి' అంటే ఏదో ఒక వంతెన అని. గణం కోసం వేసుకుని ఉంటారు. 'ఒకటి' లేకపోతే నగణం (మూడు లఘువులు) ఎక్కడినుంచి తెస్తారు?

యతిమైత్రి
అమ్మాయి ఛందస్సు చూసుకోనని చెప్పి బాగానే చూసుకుంటోంది.

ఓరుగల్లు పోరడు
'కావల' మీద కొట్లాడుతున్నరు గని మా పోతన్న ఎప్పుడో చెప్పిండు గద. 'పెంజీకటి కవ్వల'. కి + అవ్వల. పెద్దాయన కూడ 'రైనుకవ్వలింత' అనే ఉంటడు. కవ్వ, లింత. గలమూ గలమే. గజేంద్రమోక్షం నోటికి రాని పెద్దాయన ఎవడన్న ఉంటడా?

శకటరేఫం
ఇది నచ్చింది! ఆ చీకటి ఎంత పెద్దదో 'కవ్వల' అన్నప్పుడు నోట్లోనే తెలుస్తుంది. వ్వ దగ్గర ఆగాలి, ఆగి దాటాలి. 'ఆవల' అంటే మామూలుగా అడుగేసి దాటేస్తాం. 'అవ్వల'కు పడవ కావాలి. మా నాయనమ్మ ఆ కందం చదివేటప్పుడు సరిగ్గా అక్కడే ఊపిరి పీల్చేది, నాకు చిన్నప్పుడు అర్థం తెలియకపోయినా ఆ ఊపిరి కోసం వినేవాణ్ణి.

కావలి కుర్రోడు
'మా' పోతన్నా? ఒంటిమిట్ట ఎక్కడుందో చూసుకోన్నా ఓ తూరి.

ఓరుగల్లు పోరడు
బమ్మెర ఎక్కడుందో నువ్వు జూస్కో.

నిర్వాహకులు
ఒంటిమిట్ట–బమ్మెర తగువుకు వేరే పోస్టు ఉంది, 412 వ్యాఖ్యలు అక్కడ ఉన్నాయి. ఇక్కడ వద్దు.

శకటరేఫం
సరే, నా గోల ఒకటి. ఊరి పేరును పాతకాలపు జర్మన్లు పలికినట్టు 'జిన్‌జినాటి' అని సరదాగా రాస్తుంటారు ఇప్పటికీ, పండగ పోస్టర్ల మీద. ఆంగ్లంలో చూస్తే మన జ, కానీ జర్మన్ నోట్లో అది త్స. అంటే మన దంత్య చకారం ౘ! చలి, చాప, చుక్కలో పలికేది. ఇంత గొప్ప అక్షరం మన దగ్గరుండి ఆ ఊరి పేరు సరిగ్గా రాయలేకపోతున్నాం. ౘిన్‌ౘినాటి!

యతిమైత్రి
రాయలేం. ఇ ఈ ఎ ఏ లతో కూడిన చ జ లు తాలవ్యాలు. చిలుక, చీమ, చెట్టు, చేను. నీ ౘ ఇకారం పక్కన నిలవదు. సూరి నీ ౘిన్‌ౘినాటిని గుమ్మంలోనే ఆపేస్తాడు.

శకటరేఫం
అన్యదేశ్యాలకు ఆ నియమం ఎందుకు మాస్టారూ?

యతిమైత్రి
నోరు తెలుగుదేగా.

వైన్ వీధి పిల్ల
పేర్ల సంగతి వచ్చింది కాబట్టి. మా ఇంటికి రెండు వీధుల అవతల రిపబ్లిక్ వీధి ఉంది. 1918కి ముందు అది బ్రెమెన్ వీధి. మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా వీధుల జర్మన్ పేర్లు పీకేశారు. బెర్లిన్ వీధి వుడ్‌రో అయింది. జర్మన్ వీధి ఏమైందో ఊహించండి.

ఓరుగల్లు పోరడు
ఏమైంది?

వైన్ వీధి పిల్ల
ఇంగ్లిష్ వీధి.

కావలి కుర్రోడు
నిఘంటువు తెరిచి పెట్టినట్టుండారే!

వైన్ వీధి పిల్ల
ఇంకోటి చూడండి. వాల్‌నట్, 12వ వీధుల మూల మీద జర్మన్ బీమా సంస్థ 1877లో కట్టిన భవనం. దాని మీద జర్మేనియా విగ్రహం. యుద్ధంలో విగ్రహాన్ని దించలేదు, కొలంబియా అని పేరు మార్చి ఊరుకున్నారు. ఆ కిందనుంచి నడిచినప్పుడల్లా తలెత్తి చూస్తాను. అదే ముఖం, అదే చీర మడత. చీర కాదులెండి, నాకు అలా కనిపిస్తుంది. రంగులంటారా, ఫిండ్లే మార్కెట్టులో శనివారం పొద్దున కూరగాయల బల్లల దగ్గర నిలబడితే తెలుస్తుంది, 1855 నుంచి ఆపకుండా నడుస్తున్న సంత. కానీ 'జర్మన్ పేట' అని ఒక్క మాటలో తేల్చేయకండి. జర్మన్లు కొండల మీదికి వెళ్లిపోయాక అపలాచియా కొండల పేదలొచ్చారు. ఆ తర్వాత పక్కనున్న వెస్ట్ ఎండ్ పేటను హైవే కోసం పడగొడితే అక్కడి నల్లజాతి కుటుంబాలు ఇక్కడికి వచ్చి పడ్డాయి. ఇవాళ అద్దెలు పెరిగి వాళ్లూ కదలాల్సి వస్తోంది. మా కింద వాటాలో ముప్పయ్యేళ్లున్న ముసలామె పోయినేడు వెళ్లిపోయింది. 'వచ్చినవారికి' అని పద్యంలో ఉందిగా. వాళ్లూ వచ్చినవారే.

గట్టుమీది గురివింద
అమ్మా, ఆ పెద్దాయన పాటల సభ గురించి కూడా ఏదో అన్నట్టు గుర్తు. వాన, రేకు... మూడో పాదమో నాలుగో పాదమో.

వైన్ వీధి పిల్ల
ఆ కథ అందరికీ తెలిసిందే! మ్యూజిక్ హాల్ ఉన్నచోట అంతకుముందు జర్మన్ గాయక సంఘాల కోసం కట్టిన పెద్ద రేకుల పందిరి ఉండేది. 1875 మే ఉత్సవంలో కచేరీ మధ్యలో వాన పడింది. రేకుల మీద చప్పుడుకు పాట వినబడక ఆపాల్సి వచ్చింది. సభలో కూర్చున్న రూబెన్ స్ప్రింగర్ అనే వ్యాపారికి అది చూశాక మనసాగక, మంచి హాలు కట్టడానికి డబ్బిచ్చాడు. 1878లో ఇప్పటి ఎర్ర ఇటుకల మ్యూజిక్ హాల్ వచ్చింది.

శకటరేఫం
అయితే పూరణ ఇదిగో, ఇప్పుడే కట్టాను:

పాట సాగుచుండ పైకప్పుపైనుండి
రేకు మీద వాన రేపె రభస

యతిమైత్రి
పైకప్పు, రేకు. రెండూ ఒకటే. పునరుక్తి. పైగా మొదటి రెండు పాదాలకూ వీటికీ అన్వయం లేదు. పా–పై యతి మాత్రం బాగుంది.

శకటరేఫం
ఆఖరి వాక్యం స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

ఓరుగల్లు పోరడు
అన్నలూ, అసలు ప్రశ్న ఏమాయె? ఆవలనా, కావలినా, కాలువనా?

కావలి కుర్రోడు
కావలి.

వైన్ వీధి పిల్ల
కాలువ.

శకటరేఫం
ఆవలంత. గుడి తీసేయండి.

గట్టుమీది గురివింద
ఇప్పుడే మా ఆవిడకు ఫోనిచ్చి ఈ చర్చంతా చదివించాను. ఆవిడా ఆ రోజు అదే బల్ల దగ్గర కూర్చుంది. ఆవిడ అనేదేమంటే, ఆయన రెండో పాదం మధ్యలో నిజంగానే ఆవలించాడట. ఉగాది పచ్చడి, పులిహోర, బొబ్బట్లు నాలుగు, ఆపైన పెరుగన్నం. ఆవలించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడట. నేను తల వంచి రాసుకుంటున్నాను కాబట్టి చూడలేదట.

యతిమైత్రి
ఆవలింత 'కా'కు ముందా, తర్వాతా?

గట్టుమీది గురివింద
అడిగాను. 'వ' దగ్గర అంటోంది.

యతిమైత్రి
వకారమా, ద్విత్వమా?

ఓరుగల్లు పోరడు
చూశిన్రా! కవ్వల!