కంప్యూటర్లు తక్కువగా ఉన్న బడిలో కంప్యూటర్ సైన్స్ బోధన ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా పాఠశాలలో కంప్యూటర్ సైన్స్‌ను ఆరో తరగతి నుంచి అందరికీ పాఠ్యాంశంగా చేర్చాలనుకుంటున్నాం. అయితే ఉన్న కంప్యూటర్లు తరగతిలో సగం మందికే సరిపోతాయి, ఆ విషయం చదివిన ఉపాధ్యాయులూ లేరు. ముందు యంత్రాలు కొనాలా, శిక్షణ ఇప్పించాలా?

జవాబు 1: శిక్షణే ముందు. ఇంగ్లండ్‌లో 2014లో ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) అనే పాఠ్యాంశం స్థానంలో కంప్యూటింగ్‌ను ప్రవేశపెట్టినప్పుడు, అప్పటివరకు ఆఫీసు సాఫ్ట్‌వేర్ నేర్పిన ఉపాధ్యాయులలో చాలామంది ప్రోగ్రామింగ్ చెప్పవలసి వచ్చింది. వారి కోసం జాతీయ శిక్షణ కేంద్రం ఏర్పడింది మాత్రం 2018లో.

జవాబు 2: యంత్రాల కొరత మీరనుకున్నంత పెద్ద అడ్డంకి కాదండి. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన 'సీఎస్ అన్‌ప్లగ్డ్' పాఠాలు కాగితాలు, కార్డులతోనే సాగుతాయి. చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చిన వెయ్యి సంఖ్యల్లో ఒకదాన్ని, ప్రతిసారీ మధ్యది చూసి అక్కరలేని సగాన్ని వదిలేస్తూ వెదికితే, పదిసార్లకు మించి చూడనవసరం లేదని పిల్లలు తామే తేల్చుకోగలరు. అయితే ఏడాదంతా కార్డులతోనే నెట్టుకురావడం నాకు సమ్మతం కాదు. తాము రాసిన ప్రోగ్రామ్ నడవకపోతే తప్పెక్కడుందో వెదకడం యంత్రం ముందు కూర్చుంటేనే అలవడుతుంది. ఆదేశాల దిమ్మెలను పేర్చి ప్రోగ్రామ్ తయారుచేసే స్క్రాచ్‌లో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, కీబోర్డు చేతులు మారుతూ ఉండేలా చూడండి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరూ కలిసి చేసిన పనికి మార్కులు ఎలా వేయాలి?

జవాబు 2: ప్రోగ్రామ్‌లో ఒక అంకె మార్చి, ఇప్పుడు ఫలితం ఏమవుతుందో విడివిడిగా రాయమనండి.