మూడో సిఫారసు లేఖ ఎవరిది: పెద్ద పోలీసు అధికారిదా, స్టాటిస్టిక్స్ టీచర్‌దా?

రావిచెట్టు_నీడ:
అమెరికాలో క్రిమినల్ జస్టిస్ మాస్టర్స్‌కి చాలా యూనివర్సిటీలు 2 లేదా 3 సిఫారసు లేఖలు అడుగుతాయి. రెండు క్రిమినాలజీ, లా టీచర్లవి ఖాయమయ్యాయనుకుందాం. మూడోదానికి ఇద్దరున్నారు. ఒకరు ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన పెద్ద హోదా పోలీసు అధికారి. విద్యార్థితో మాట్లాడింది రెండుసార్లే. ఇంకొకరు రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్ చెప్పిన టీచర్. ఆయనిచ్చిన గ్రేడేమో బి. నా ఓటు అధికారికే. చదవబోయేదే పోలీసులు, కోర్టులు, జైళ్ల గురించి. అక్కడ పోలీసు మాట చెల్లకపోతే ఇంకెవరి మాట చెల్లుతుంది?

ఆర్_స్క్వేర్:
టీచర్‌కే నా ఓటు. ఆ లేఖ చదివేది పోలీసులు కాదండీ, ప్రొఫెసర్లు. ఈ మనిషి థియరీ, రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్ పేపర్లు గట్టెక్కుతాడా అన్నదే వాళ్ల ఆరా. "క్రమశిక్షణ గలవాడు, నిజాయితీపరుడు, ఉజ్జ్వల భవిష్యత్తు ఉంది" అని లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు వస్తే, పేరు మార్చి ఎవరికైనా అతికించొచ్చు. హోదా పెద్దది, లేఖ బోలుది అయితే తెలిసినవాళ్లతో చెప్పించుకున్నారని అనుమానం కూడా వస్తుంది.

ఇక ఆ బి గ్రేడ్ సంగతి. అది ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే మార్కుల పట్టికలో, ఎలాగూ కనిపిస్తుంది. దానికి నమ్మదగిన వివరణ ఇవ్వగలిగింది గ్రేడ్ వేసినాయనే. మొదటి పరీక్షలో రిగ్రెషన్ అనే స్టాటిస్టిక్స్ పద్ధతి దగ్గర తడబడ్డాడని, టర్మ్ పేపర్ నాటికి మాత్రం పోలీసు రికార్డుల్లోని నేరాల లెక్కకీ, బాధితుల సర్వేలో తేలే లెక్కకీ పొంతన ఎందుకు కుదరదో సొంతంగా విడమరిచాడని ఆయన రాస్తే, ఆ ఒక్క పేరా బి గ్రేడ్‌ని మింగేస్తుంది.

లాఠీ_లైబ్రరీ:
థీసిస్ రాయించే ప్రోగ్రాములకైతే ఆర్_స్క్వేర్ గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అన్నీ ఆ బాపతు కాదు. ఉద్యోగం చేస్తున్నవాళ్ల కోసం నడిపే, థీసిస్ లేని ప్రోగ్రాముల్లో పని చేయించిన పై అధికారి లేఖకి విలువ ఉంటుంది. కొన్నిచోట్ల అదే కావాలంటారు కూడా. కాబట్టి ముందు ఆ డిపార్ట్‌మెంట్ పేజీలో "అకడమిక్ లేఖలు కనీసం ఎన్ని" అన్న లైను వెతకండి. వాదన సగం అక్కడే తేలిపోతుంది.

అయితే పై అధికారి అంటే సంతకం పెట్టినాయన కాదు, రోజూ పని అప్పజెప్పి, రాసిన రిపోర్టు తిప్పి పంపినాయన. ఎన్ని వారాలు, ఏ విభాగం, ఏ రికార్డులు సరిచూశాడు, ఎక్కడ పొరపాటు పట్టుకున్నాడు, ఇవీ రావాలి. ఒక జాగ్రత్త: బాధితుల పేర్లు, నడుస్తున్న కేసుల వివరాలు లేఖలో గానీ అప్లికేషన్‌తో పంపే రైటింగ్ శాంపిల్‌లో గానీ కనిపించకూడదు. గోప్యత తెలియనివాడని అక్కడే పక్కన పెట్టేస్తారు.

రావిచెట్టు_నీడ:
రోజూ పని చూసినాయనకి ఇలాంటి లేఖలు రాసే అలవాటు ఉండదు కదా. విద్యార్థే రాసిచ్చి సంతకం చేయించుకుంటే తప్పేంటి? అందరూ చేసేదే.

ఆర్_స్క్వేర్:
అందరూ చేస్తారు కాబట్టే చదివేవాళ్లు ఇట్టే పసిగడతారు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎందుకు చదవాలనుకుంటున్నాడో విద్యార్థి రాసే వ్యాసం)లోని పదబంధం లేఖలోనూ తేలుతుంది, రెండు లేఖలు ఒకే గొంతుతో పలుకుతాయి. బయటపడితే సీటు మాట దేవుడెరుగు, నిజాయితీ మీదే మచ్చ పడుతుంది. ఈ సబ్జెక్టులో అది మరీ చేటు. లేఖ బదులు ఒక పేజీ జ్ఞాపిక ఇవ్వండి: తేదీలు, చేసిన పనులు, రాసిన ఒక రిపోర్టు కాపీ, రెజ్యూమె, యూనివర్సిటీల పేర్లు, గడువులు. వాక్యాలు మాత్రం ఆయనవే కావాలి.

మడత_కాగితం:
ఎవరిని అడిగినా లేఖలు ఆగిపోయేది చిన్న విషయాల దగ్గరే. అప్లికేషన్‌లో లేఖ రాసేవాళ్ల పేరు, మెయిల్ నింపగానే లేఖ పంపే లింకు వాళ్లకి వెళ్తుంది. చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. జీమెయిల్ కంటే కాలేజీ లేదా ఆఫీసు మెయిల్ ఇవ్వడం మేలు. గడువుకి 5, 6 వారాల ముందే అడగండి. "లేఖ ఇస్తారా" అని కాదు, "నా పని గురించి గట్టిగా రాయగలరా" అని. ఆయన నసిగితే వదిలేయండి, ఎంత పెద్ద ప్రొఫెసరైనా సరే. లేఖ చూసే హక్కు వదులుకుంటారా అనే గడి దగ్గర కూడా చాలామంది తడబడతారు. విద్యార్థుల రికార్డుల మీద 1974లో వచ్చిన అమెరికా చట్టం ఫెర్పా ప్రకారం, ఆ యూనివర్సిటీలో చేరాక ఆ లేఖ చూసే హక్కు విద్యార్థికి ఉంటుంది. వదులుకుంటేనే రాసినవాళ్లు మొహమాటం లేకుండా రాశారని నమ్ముతారు.

లాఠీ_లైబ్రరీ:
ఆ గడి విషయంలో మీతో ఏకీభవిస్తాను. నసిగితే వదిలేయమన్నది మాత్రం కొంచెం తొందరపాటు. కొందరు టీచర్లు టర్మ్ పేపర్ గుర్తులేక నసుగుతారు. పేపర్ తిరిగి చూపించి మళ్లీ అడగొచ్చు.

ఇంకో మాట. ఉద్యోగస్తుల ప్రోగ్రాములని నేనన్నవాటిలో చాలావరకు పూర్తిగా ఆన్‌లైన్. వాటికి ఎఫ్-1 విద్యార్థి వీసాకి కావలసిన ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే పత్రం) రాదు. అమెరికా వెళ్లి చదవాలనుకునేవాళ్లు క్లాసులు క్యాంపస్‌లోనా కాదా అన్నది ముందు చూసుకుని, ఆ తర్వాతే మూడో లేఖ కోసం ఎవరి గుమ్మమైనా ఎక్కండి.